ముందు స్టోర్‌రూమ్, తర్వాతే ఓపెనింగ్

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నెల్లూరు. హైదరాబాద్‌లో కళాచరిత్రలో ఎం.ఎఫ్.ఏ. చేసి, ఎనిమిది నెలల కింద చెన్నైలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీలో కాంట్రాక్టు మీద అసిస్టెంట్ క్యూరేటర్‌గా (బొమ్మల సేకరణ, ప్రదర్శనలు చూసుకునే పని) చేరాను. పైన క్యూరేటర్ అంటూ ఎవరూ లేరు, అన్నీ నేనే. స్టోర్‌రూమ్‌లో నాలుగు వందలకు పైగా పెయింటింగులు, ప్రింట్లు, కొన్ని శిల్పాలు ఉన్నాయి. సరైన జాబితా లేదు. రిజిస్ట్రార్ గారు నెలకో ఎగ్జిబిషన్ పెట్టమంటారు. ఓపెనింగ్‌కి దీపం, శాలువాలు, టీ, ఫొటోలు, ఇదే నా పనైపోయింది. మంచి పెయింటింగులు పదీ పన్నెండు ఆఫీసు గదుల్లోకి వెళ్లిపోయాయి, వెనక్కి అడిగే ధైర్యం లేదు. ఇక్కడే రిటైరై ఈమధ్య చనిపోయిన ఒక ప్రొఫెసర్ గారి కుటుంబం ఆయన వేసిన అరవై బొమ్మలు ఇస్తామంటున్నారు. అవి ఎప్పటికీ గోడ మీదే ఉండాలన్నది వాళ్ల షరతు. మేనేజ్‌మెంట్ సరే అనేలా ఉంది. ఇంతలో బెంగళూరులో ఒక ప్రైవేటు గ్యాలరీ వాళ్లు ఇప్పటి జీతానికి ఒకటిన్నర రెట్లు ఇస్తామన్నారు. ఇంట్లో వెళ్లిపొమ్మంటున్నారు. "బొమ్మలకి కాపలా కాయడానికా అంత చదివింది" అని నాన్న అంటుంటే బాధేస్తోంది. ఉండాలా, వెళ్లాలా? ఇంకో విషయం. స్టోర్‌లో మూడు చిన్న నీటిరంగుల బొమ్మలు దొరికాయి. కింద సంతకం తెలుగులో ఉంది, పొడి అక్షరాలే. ఎవరివో ఎలా తెలుసుకోవాలి?
— పేరు వద్దు, చెన్నై

సమాధానం:

అమ్మా, జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్లొద్దు. కాంట్రాక్టు రెన్యువల్ దాకా ఉండండి. అయితే ఇన్నాళ్లూ చేసినట్టు చేయొద్దు. రేపటి నుంచి రోజూ పొద్దున మొదటి రెండు గంటలు స్టోర్‌రూమ్‌కి ఇవ్వండి, మిగతా పనంతా దాని తర్వాత సర్దుకోండి. ఆ నాలుగు వందల బొమ్మలకు మీ చేతి మీదుగా ఒక రిజిస్టరు తయారైతే ఆ యూనివర్సిటీలో మీ మాటకు బరువు వస్తుంది. అది లేనంతకాలం ఎన్ని ఎగ్జిబిషన్లు పెట్టినా మిమ్మల్ని ఫంక్షన్ ఏర్పాట్లు చూసే అమ్మాయిగానే చూస్తారు. కాలేజీ గ్యాలరీల్లో ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ప్రైవేటు గ్యాలరీ పని తక్కువదని నేను అనను. కళాకారుడికి నాలుగు డబ్బులు వచ్చేది అక్కడే. కానీ అక్కడ బొమ్మ వస్తుంది, అమ్ముడుపోతుంది, వెళ్లిపోతుంది. యూనివర్సిటీలో బొమ్మ ఉండిపోతుంది. ఇవాళ చూసిన విద్యార్థి వెళ్లిపోయాక, ముప్పై ఏళ్లకు మరో విద్యార్థి అదే బొమ్మ ముందు నిలబడతాడు. మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కలకత్తా విశ్వవిద్యాలయం 1937లోనే ఆశుతోష్ మ్యూజియం పెట్టింది. కాశీలో 1920లో మొదలైన భారత కళాభవన్ తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భాగమైంది. వాటి పేరు నిలిచింది ఓపెనింగుల వల్ల కాదు. అక్కడి వస్తువుల మీద కూర్చుని మనుషులు చదువుకున్నారు, పరిశోధన చేశారు, అందుకే నిలిచింది.

పైగా మీరున్నది చెన్నై. ఆ ఊళ్లో పాత స్టోర్‌రూమ్ అంటే నాకు ఒళ్లు ఝల్లుమంటుంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ మొదలుపెట్టిన చిత్రకళా పాఠశాలే ఇవాళ పూనమల్లి హై రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ లలితకళల కళాశాల. మెరీనాలో శ్రామికుల శిల్పం చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి దానికి దాదాపు మూడు దశాబ్దాలు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న కె.సి.ఎస్. పణిక్కర్, 1966లో తన విద్యార్థులతో కలిసి చోళమండలం కళాకారుల గ్రామం మొదలుపెట్టారు. మన తెలుగు చిత్రకారుల్లో అంట్యాకుల పైడిరాజు గారు రాయ్ చౌదరి శిష్యులు, ఎస్.వి. రామారావు గారు పణిక్కర్ దగ్గర చదివారు. అక్కడ చదివి బయటికొచ్చిన వందల మందిలో పేరు వచ్చినవాళ్లు కొందరే. మిగతావాళ్లు స్కూళ్లలో డ్రాయింగ్ మాస్టర్లయ్యారు, చేనేత డిజైన్లు గీశారు, సినిమా సెట్లు వేశారు. వాళ్ల బొమ్మలు ఇలాంటి కాలేజీ స్టోర్లలోనే మిగిలాయి. మీ నాలుగు వందల్లో ఎవరెవరు ఉన్నారో ఇవాళ ఎవరికీ తెలియదు. తెలుసుకునే అవకాశం ప్రస్తుతం మీ ఒక్కరికే ఉంది.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో చూడాలంటే ఒక ఆదివారం ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం మాత్రం సెలవు. అమరావతి శిల్పాల గది ముందు కాసేపు నిలబడండి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించిన ఆ రాళ్లు మద్రాసు వచ్చి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. తవ్వినప్పటి నోట్సు మిగల్లేదు. ఏ పలక స్తూపంలో ఏ వైపు నుంచి తీశారన్నది చాలావాటి విషయంలో ఇప్పటికీ పండితులు ఊహించుకోవలసిందే. 1859లో వందకు పైగా పలకలను ఓడెక్కించి లండన్ పంపేశారు. కొంతలో కొంత మేలు ఏమిటంటే, అంతకు ముందు ఏడాది లీనియస్ ట్రైప్ అనే ఆయన మద్రాసులోనే వాటికి ఫొటోలు తీశాడు. అప్పటికి అవి ఏ స్థితిలో ఉన్నాయో చెప్పగల సాక్ష్యం ఆ ఫొటోలే. మన కృష్ణా తీరం నుంచి వచ్చిన రాళ్ల సంగతే ఇలా అయిందంటే, మీ స్టోర్‌లో కాగితం మీద వేసిన బొమ్మ గతి ఏమిటో ఆలోచించండి.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. రోజుకు ఐదు బొమ్మలు, అంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. ఆ లెక్కన నాలుగైదు నెలల్లో మొత్తం ఒక చుట్టు తిరిగి వస్తారు. ఒక్కోదానికి నంబరు, ముందు ఫొటో, వెనక ఫొటో, కొలతలు సెంటీమీటర్లలో (ఎత్తు ముందు, వెడల్పు తర్వాత), మాధ్యమం (నూనెరంగులా, నీటిరంగులా, ప్రింటా), సంతకం ఎక్కడ ఉంది, దెబ్బలేమైనా ఉన్నాయా, ఇప్పుడు ఏ అరలో ఉంది. అంతే. కళావిమర్శ రాయడానికి ఇది సమయం కాదు. బొమ్మ ఏ ఏడాది మీ సంస్థకు వచ్చిందో తెలియకపోతే ఊహించి రాయొద్దు. జాబితా రాస్తున్న ఏడాదితో నంబరు వేసి, "సేకరణలో దొరికినది, వచ్చిన వివరం లేదు" అని రాయండి. ఆ ఖాళీని తర్వాత ఎవరైనా పూరిస్తారు. తప్పు సమాచారం రాస్తే మాత్రం అదే నిజమై పుస్తకాలకెక్కుతుంది.

బొమ్మ వెనకవైపు ముందువైపు కన్నా ఎక్కువ చెబుతుంది. ఫ్రేము కట్టిన షాపు లేబుల్, ఏదో పాత ప్రదర్శన చీటీ, పెన్సిలుతో రాసిన ధర, చిరునామా, ఇవన్నీ సాక్ష్యాలు. శుభ్రం చేస్తున్నామని వాటిని పీకేయొద్దు, ఇంకెవరినీ పీకనివ్వొద్దు. కాగితం మీద బొమ్మకు నంబరు వేయాలంటే వెనక కింద మూలన మెత్తటి పెన్సిలుతో చిన్నగా వేయండి. బాల్‌పెన్, స్టిక్కరు, సెల్లోటేపు దగ్గరికి రానీయొద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక పోదు.

పేర్లు, తేదీలు దొరికే చోటు ఇంకొకటి ఉంది. చాలామంది క్యూరేటర్లు అటు వెళ్లరు. అది అకౌంట్స్ సెక్షన్. యూనివర్సిటీ డబ్బు పెట్టి కొన్న ప్రతి బొమ్మకూ ఎప్పుడో ఒక బిల్లు, ఒక ఓచరు ఉండి ఉంటుంది. స్టాకు రిజిస్టరులో దాన్ని ఫర్నిచర్ పద్దు కింద రాసి ఉండొచ్చు, "ఫ్రేముతో పటం, ఒకటి" అని. నేను పనిచేసిన ఒక చోట సగం బొమ్మల చిత్రకారుల పేర్లు పాత ఓచర్ల కట్టల్లోనే దొరికాయి. అక్కడి సీనియర్ క్లర్కుతో మంచిగా మాట్లాడి పాత ఫైళ్లు చూడనివ్వమని అడగండి. అలాగే మీ గ్యాలరీలో చాలాకాలంగా ఉన్న అటెండర్ ఎవరైనా ఉంటే ఆయన పక్కన కూర్చుని ఒక్కో బొమ్మా చూపించి అడగండి. ఇది ఎప్పుడొచ్చింది అన్నా, ఎవరు తెచ్చారు, ఇంతకుముందు ఏ గదిలో ఉండేది? ఆయనకు తెలిసింది ఏ కాగితం మీదా ఉండదు. తమిళం సరిగా రాదని వెనక్కి తగ్గొద్దు. నెల్లూరు అమ్మాయికి చెన్నైలో తమిళం ఆర్నెల్లలో వచ్చేస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన పేరుతో, తేదీతో రాసుకోండి.

రిజిస్టరు రెండు రూపాల్లో ఉండాలి. ఒకటి పేజీ నంబర్లున్న బౌండు పుస్తకం, చేత్తో రాసింది. రెండోది కంప్యూటర్‌లో షీటు, ఫొటోలతో. షీటు కాపీ ఒకటి లైబ్రేరియన్ దగ్గర పెట్టండి. మీరు వెళ్లిపోయినా, మీ లాప్‌టాప్ పాడైనా అది ఉండాలి.

చెన్నై గాలి గురించి కూడా చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ భాగం గాలిలో తేమ 70 శాతం పైనే ఉండే ఊరు అది. ఆ తేమలో గాలి ఆడని గదిలో కాగితానికి బూజు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. చాలా సంస్థల్లో జరిగేది ఏమిటంటే, పొద్దున ఏసీ వేస్తారు, సాయంత్రం ఐదింటికి ఆపేస్తారు, శని ఆదివారాలు అసలు వేయరు. కాగితం, కాన్వాసు, చెక్క రోజూ ఆ తేడాకు సాగుతూ కుంచించుకుంటూ ఉంటాయి, రంగు పొర పగులుతుంది. రోజులో ఎనిమిది గంటలు చల్లగా, పదహారు గంటలు ఉక్కగా ఉంచడం కన్నా, ఏసీ లేకుండా గాలి ఆడేలా ఉంచి, తేమ లాగే డీహ్యూమిడిఫయర్ ఒకటి పెట్టడం నయం. ముందు తేమ చూపించే చిన్న మీటరు కొని, నెల రోజులు పొద్దునా సాయంత్రం అంకెలు రాయండి. ఆ కాగితం చేతిలో ఉంటే బడ్జెట్ అడగడం తేలిక. బొమ్మలు నేల మీద ఆనించి ఉంటే మాత్రం మీటరు కోసం ఆగొద్దు, ఈ వారమే జానెడు ఎత్తున పలకల మీదకు ఎక్కించండి, గోడకు తగలకుండా. 2015 డిసెంబరు వరదల్లో అడయారు పక్కన ఏం జరిగిందో ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. స్టోర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరు లోపే పై అంతస్తులో గది కావాలని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు కాగితం ఉండాలి.

పాడైన వాటిని మీరే బాగుచేయాలని చూడొద్దు. బెంగళూరులో చిత్రకళా పరిషత్తు ఆవరణలో వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ల పరిరక్షణ కేంద్రం ఉంది. ఒకసారి వెళ్లి పని ఎలా చేస్తారో చూసి రండి. ఏది మనం ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది.

రిజిస్ట్రార్ గారి దగ్గరికి వద్దాం. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. నెలకో ఎగ్జిబిషన్ అడుగుతున్నారంటే, గ్యాలరీ పనిచేస్తోందని పైవాళ్లకు, రేపు యూనివర్సిటీల నాణ్యత మదింపు చేసే న్యాక్ వాళ్లకు చూపించడానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి. అది ఇంకో రూపంలో ఇవ్వండి. నెలకో షో అంటే పదిరోజులు దించడం, ఎక్కించడం, లేబుళ్లు, మధ్యలో నాలుగు రోజులే జనం. ఏడాదికి నాలుగు చాలు: సెమిస్టర్‌కు ఒకటి మన సొంత కలెక్షన్ నుంచి, ఒకటి బయటి కళాకారులది, ఒకటి విద్యార్థుల వార్షిక ప్రదర్శన. మిగిలిన సమయంలో తరగతులను గ్యాలరీకి రప్పించండి. యూనివర్సిటీ గ్యాలరీకి ఉన్న బలమే అది, బయట ఏ ప్రైవేటు గ్యాలరీకీ అది ఉండదు. బోటనీ వాళ్లకు మొక్కల చిత్రాలు చూపించి, ఆకు ఈనెలు గీసినవాడు ఎంత గమనించాడో అడగండి. కెమిస్ట్రీ వాళ్లతో పాత రంగుల గురించి ఒక గంట మాట్లాడించండి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అతినీలలోహిత దీపం ఉంటే తెచ్చి, రిపేరు చేసిన చోట్లు ఎలా బయటపడతాయో అందరికీ చూపించండి. గోడ మీద యాభై బొమ్మలు అక్కర్లేదు, బల్ల మీద ఐదు చాలు. గుమ్మం దగ్గర పుస్తకం పెట్టి ఏ తరగతి, ఎంతమంది, ఏ లెక్చరర్ అన్నది రాయించండి. సెమిస్టర్ చివర ఆ అంకెలు ఒక పేజీలో పెట్టి రిజిస్ట్రార్ గారికి ఇవ్వండి. శాలువా ఫొటోల కన్నా ఆ పేజీ ఆయనకే ఎక్కువ పనికొస్తుంది.

ఆఫీసుల్లోకి వెళ్లిన బొమ్మల్ని వెనక్కి తెమ్మని పోరాడొద్దు, గెలవరు. వాటిని అప్పుగా మార్చండి. ఒక పేజీ ఫారం తయారుచేయండి: బొమ్మ నంబరు, ఫొటో, ఇప్పటి స్థితి, ఏ గది, ఎవరి బాధ్యత, ఆరు నెలల గడువు, కింద సంతకం. "ఆడిట్ కోసం సార్" అంటే ఎవరూ కాదనరు. ఫారం మీద సంతకం పడ్డాక అది ఆ గది సొత్తు అనే మాట పోతుంది. అదే ఊపులో ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉన్నవాటిని, కిటికీ ఎండ పడేవాటిని పక్క గోడకు మార్పించండి. ఆరు నెలలకు వెళ్లి మళ్లీ ఫొటో తీయండి. రంగు తేడా వస్తే మీరేమీ చెప్పక్కర్లేదు, రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

అరవై బొమ్మల దానం సంగతి అన్నిటికన్నా తొందరగా చూడాలి, ఎందుకంటే మేనేజ్‌మెంట్ సరే అన్నాక వెనక్కి తీసుకోవడం కష్టం. "ఎప్పటికీ గోడ మీద" అనే షరతుకు ఒప్పుకోవద్దు. మీ చిన్న గ్యాలరీ రేపటి నుంచి ఒక్కరి స్మారక మందిరమైపోతుంది, తర్వాత వచ్చే ఏ క్యూరేటరూ ఆ గోడను ముట్టుకోలేరు. అంతకన్నా ముఖ్యమైన కారణం బొమ్మల మేలే. నీటిరంగులు, కాగితం మీద పనులు 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) మించని మసక వెలుతురులో, అదీ కొన్ని నెలలు పెట్టి తర్వాత చీకట్లో విశ్రాంతి ఇవ్వాలి. ఎప్పటికీ గోడ మీద ఉంచితే ఆ కుటుంబం మనవలు చూసేది వెలిసిపోయిన కాగితాలనే. వాళ్లతో ఈ మాటే చెప్పండి. నాన్నగారి బొమ్మలు కాపాడాలనే కదా మీరు ఇస్తున్నారు, కాపాడాలంటే మార్చి మార్చి పెట్టాలి అనండి. నిజం కాబట్టి వాళ్లకు ఎక్కుతుంది.

దానికి బదులు మీరు ఇవ్వగలిగింది చాలా ఉంది. ఏడాదిలోపు ఆయన పేరున ఒక మంచి ప్రదర్శన, చిన్న కేటలాగు, ప్రతి లేబుల్ మీద ఇచ్చిన కుటుంబం పేరు, ఎప్పుడు ముందుగా చెప్పి వచ్చినా స్టోర్‌లోంచి తీసి చూపిస్తామన్న హామీ. అరవై తీసుకోనక్కర్లేదు. ఆయన ఎదిగిన తీరు తెలిసేలా పదిహేనో ఇరవయ్యో ఎంచుకోండి. మిగతా వాటికన్నా ఆయన స్కెచ్ పుస్తకాలు, ఉత్తరాలు, తరగతి నోట్సు, పాత ఫొటోలు అడగండి. కుటుంబాలు వీటిని చిత్తుకాగితాలనుకుని పాతపేపర్లవాడికి వేసేస్తాయి. పాఠం చెప్పే చోట వాటి విలువ ఫ్రేము కట్టిన బొమ్మ కన్నా ఎక్కువ.

దానపత్రం మీద పెద్దబ్బాయి సంతకం ఒక్కటే చాలదు. వారసులందరూ సంతకం చేయాలి, ఏ అమెరికాలోనో ఎవరైనా ఉంటే వాళ్లతో సహా. పదేళ్ల తర్వాత ఒకరు వచ్చి నా వాటా అంటే జవాబు చెప్పుకోవలసింది అప్పటి క్యూరేటర్. ఆయన బొమ్మలతో పాటు ఇంట్లో ఉన్న పాత కంచు విగ్రహమో, నూరేళ్లు దాటిన పటమో కూడా ఇస్తామంటే వాటిని వేరుగా పెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవి పురావస్తువుల కిందికి వస్తాయి, రాతప్రతులకైతే 75 ఏళ్లే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో అడిగి, పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారిని సంప్రదించాకే చేతిలోకి తీసుకోండి.

ఇదంతా మీ ఒక్కరి నోటితో చెబితే "నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి కాదంటోంది" అవుతుంది. అందుకే ముందు ఒక సేకరణ కమిటీ వేయమని నోట్ పెట్టండి. ఒక ఫ్యాకల్టీ మెంబరు, లైబ్రేరియన్, బయటి చిత్రకారుడో శిల్పో ఒకరు, మీరు. దానం తీసుకోవాలన్నా వద్దన్నా కమిటీ మినిట్స్‌లో ఉండాలి. నాలుగు సంతకాల "కాదు"కు ఎవరూ నొచ్చుకోరు.

హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి, మీ దగ్గర చెప్పేవాళ్లు లేరు కాబట్టి. బొమ్మ మన దగ్గర ఉన్నంత మాత్రాన దాన్ని అచ్చువేసుకునే హక్కు మనది కాదు. చిత్రకారుడు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఆయనది, ఆయన కుటుంబానిది. డబ్బిచ్చి ఆర్డరు మీద వేయించుకున్న పెయింటింగుకు, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి లెక్క వేరే ఉంటుంది, కాబట్టి మీ ప్రొఫెసర్ గారి విషయంలో లీగల్ సెల్‌ను అడగండి. డిసెంబరులో యూనివర్సిటీ క్యాలెండర్ వేస్తామని కలెక్షన్ ఫొటోలు అడుగుతారు చూడండి, అప్పుడు ఈ మాట గుర్తుకు రావాలి. దానపత్రం రాయించేటప్పుడే కేటలాగు, పాఠాలు, వెబ్‌సైటు వాడకానికి అనుమతి వేరే కాగితం మీద తీసుకోండి. క్యాంపస్ గోడల మీద ఎవరైనా వేసిన మ్యూరల్స్ ఉంటే వాటికి సున్నం వేయించే ముందు మిమ్మల్ని అడగాలని ఎస్టేట్ ఆఫీసుకు రాసి పెట్టండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలు ఆయనకు తిరిగి ఇచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమంది. కొన్నవాడు కేంద్ర ప్రభుత్వమే అయినా కళాకారుడి హక్కు పోలేదు.

జీతం, ఇల్లు. బెంగళూరు ఎక్కడికీ పోదు. మాణిక్యవేలు మాన్షన్‌లో జాతీయ ఆధునిక కళల గ్యాలరీ, కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన ఫొటోగ్రఫీ, కళల మ్యూజియం, చిత్రకళా పరిషత్తు, ఇన్ని ఉన్న ఊరికి నాలుగు వందల బొమ్మలకు జాబితా రాసిన అనుభవంతో వెళ్లడం వేరు, ఎనిమిది నెలల టీ ఏర్పాట్లతో వెళ్లడం వేరు. కానీ ఊరికే ఉండమనను. రెన్యువల్‌కు రెండు నెలల ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఒకటి, కాగితం మీద మీ హోదా క్యూరేటర్ అని ఉండాలి, ఎక్కడా "అడ్మిన్" అన్న మాట ఉండకూడదు; రెండు, స్టోర్‌కు ఒక సహాయకుడో, స్టైపెండ్ మీద ఇద్దరు విద్యార్థులో కావాలి; మూడు, జీతంలో పెంపు. మొదటి రెండూ కుదరవంటే రిజిస్టరు పూర్తి చేసి, లైబ్రరీకి కాపీ ఇచ్చి, ఏ బెంగ లేకుండా వెళ్లిపోండి. ఈలోపు వీలైతే యూజీసీ నెట్‌లో మ్యూజియాలజీ, పరిరక్షణ సబ్జెక్టు ఉంది, దానికి చదవండి. నాన్నగారిని ఒకసారి చెన్నై పిలిపించి మీ స్టోర్ చూపించండి. ఆయన బాధ మీ జీతం గురించి, మీ చదువు మీద చిన్నచూపు కాదని నాకనిపిస్తోంది.

చివరగా, ఆ మూడు నీటిరంగుల బొమ్మలు. మీ ఉత్తరంలో నాకు నిద్రపట్టనివ్వనిది ఇదే! తెలుగు సంతకం అనగానే చిత్రకారుడు దామెర్ల రామారావు కాలపు రాజమండ్రి వైపు మనసు పోతుంది, నాకూ పోయింది. కానీ దామెర్ల 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆయన చేతి పనిలో ఎక్కువ భాగం రాజమండ్రిలోని ఆయన పేరిటి గ్యాలరీలో ఉంది. ఆశపడి పెద్దపేరు తగిలించొద్దు. రిజిస్టరులో "గుర్తు తెలియని చిత్రకారుడు" అని రాసి, సంతకంలోని అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, చుక్కలతో సహా దించండి. ఫ్రేము వెనక అట్ట తీయించాల్సి వస్తే పరిరక్షణ తెలిసినవాళ్ల చేతే తీయించండి. కాగితంలో నీటిగుర్తు (వాటర్‌మార్క్) ఉందేమో వెలుతురుకు ఎదురుగా పట్టి చూడమనండి, తయారీ కంపెనీ పేరు తెలిస్తే కాలం కొంత తేలుతుంది.

ఆ తర్వాత "భారతి" పాత సంచికలు తిరగేయండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మద్రాసు నుంచే మొదలుపెట్టిన ఆ మాసపత్రిక తెలుగు చిత్రకారుల బొమ్మలను రంగుల్లో అచ్చువేసేది, కింద పేరుతో సహా. "ఆంధ్రపత్రిక" ఉగాది సంచికలూ అంతే. చాలా సంచికలు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి. కాగితం ప్రతి కావాలంటే ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలోనే ఉన్న కన్నెమెర లైబ్రరీలో అడగండి. పొడి అక్షరాలతో సంతకం చేసే అలవాటున్న చిత్రకారుడు పత్రికలో బొమ్మ కింద కూడా అలాగే చేసి ఉంటాడు, పక్కన సంపాదకులు పూర్తి పేరు వేసి ఉంటారు. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్క అక్షరం పోలిందని సంబరపడకుండా, గీత తిరిగే తీరు చూడండి. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పాత పత్రికల మీద పనిచేసినవాళ్లు ఉంటారు, వాళ్లకూ చూపించండి. ఫొటోలు నాకూ పంపండి, ముందూ వెనకా రెండూ, పక్కన స్కేలు పెట్టి తీసినవి.